కొనల నుంచి దువ్వండి

మా అవ్వకు చదువు రాదు. చిక్కు తీయడం మాత్రం బాగా వచ్చు.

కర్ణాటకలో, సిరుగుప్ప వైపున్న మా సరిహద్దు ఊరు హచ్చొళ్ళిలో సాయంత్రం పూట గడప ముందు కూచోబెట్టుకుని నా తల దువ్వేది. పగలంతా దుమ్ములో, వరిమళ్ళ గట్ల మీద తిరిగొచ్చిన జుట్టు అది. అమ్మ దువ్వితే దువ్వెన మాడు దగ్గర పెట్టి ఒక్క లాగు లాగేది. పొయ్యి మీద సంకటి ఉడుకుతుంటే నిలిచి దువ్వే తీరిక ఆమెకెక్కడిది? నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అవ్వ అట్లా లాగేది కాదు. జుట్టంతా ఎడమచేతి గుప్పిట్లో బిగించి పట్టుకుని, కింద కొనల దగ్గర రెండంగుళాలు మాత్రం దువ్వేది. అక్కడ సాఫీ అయినాక ఇంకో రెండంగుళాలు పైకి జరిగేది. మాడు దగ్గరికి వచ్చేసరికి చిక్కు మిగిలేది కాదు. "పైనుంచి లాగితే చిక్కులన్నీ కిందికి జారి ఒక్క తావున కూచుంటాయమ్మీ, అప్పుడింక కత్తెరే గతి" అనేది.

తర్వాత చాలా ఏళ్ళు నేను చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పాను. "మావాడు నాకు రాదు అని పుస్తకం మూసేస్తాడు, ఏం చేసేది?" అని తల్లులు, తండ్రులు అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా అవ్వ దువ్విన ఆ రెండంగుళాలే నాకు ముందు గుర్తొస్తాయి. విడదీయడం కష్టమైన వాటికి మన ఇంటి మాటల్లో బోలెడు పేర్లున్నాయి. చిక్కు, ముడి, పీటముడి, మెలిక, తిరకాసు, పేచీ, పొడుపు, సమస్య, తగవు. అన్నీ ఒకటే అనుకుంటాం గానీ కాదు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క చేతిపని ఉంది. చిక్కు తీస్తాం, ముడి విప్పుతాం, పొడుపుకు విడుపు చెబుతాం, సమస్యను పూరిస్తాం, తగవు తీరుస్తాం. ఈ పేర్లు పిల్లల నోట్లో పడేట్టు చూడండి. తన ముందున్నది ఏమిటో పేరు పెట్టి చెప్పగలిగిన పిల్ల దాని ముందు ఇంకాసేపు కూచుంటుంది. ఆ పేరు దొరకని పిల్ల మొత్తాన్నీ కలిపి "నాకు రాదు" అనేసి లేచిపోతుంది.

"చిక్కు" అన్న మాటే చూడండి. జుట్టులో పడేది చిక్కు. దొంగ పోలీసులకు చిక్కుతాడు. వెతికిన వస్తువు చేతికి చిక్కుతుంది. ఇరుక్కోవడమూ చిక్కడమే, దొరకడమూ చిక్కడమే. మా ఊరి పిల్లలకు ఇంకో అదృష్టం ఉంది. వీధిలోకి పోయి కన్నడం మాట్లాడినా ఇదే జంట వినబడుతుంది. తలలో పడేది సిక్కు, పోయిన పలక దొరికితే సిక్కితు. "ఇంకా చిక్కలేదు" అన్న పిల్ల వెతుకులాటలోనే ఉంది. "రాదు" అన్న పిల్ల మాత్రం తలుపు వేసేసింది. అందుకే నా మొదటి సలహా చాలా చిన్నది. పిల్ల "నాకు రాదు" అన్నప్పుడు "ఎందుకు రాదు?" అనకండి. ఆ మాటలో నింద ఉంది, పిల్లకు అది తెలుస్తుంది. "యాడ చిక్కు పడింది, చూపించు" అనండి. "ఎందుకు" అంటే తల వంచుకుంటుంది. "యాడ" అంటే వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది కాబట్టి పుస్తకం మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆ వేలు ఎక్కడ ఆగుతుందో ఓపికగా చూడండి. అది అంకెల మీద ఆగడం తక్కువ. నా అనుభవంలో ఎక్కువసార్లు ఒక మాట మీద ఆగింది.

ఒకసారి రెండో తరగతి పిల్ల, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇరవైలోంచి ఏడు తీసివేయమన్న లెక్కకు ఇరవయ్యేడు అని రాసింది. కన్నడ పుస్తకంలో అక్కడున్న మాట "కళె". తీసివెయ్ అని దాని అర్థం. వరిమడిలో మొలిచే పిచ్చిమొక్కకూ కన్నడంలో అదే పేరు. ఆ పిల్ల వాళ్ళ అమ్మ కూలికి పోయి రోజూ తీసేది ఆ కళెనే. మరి ఇంట్లో తెలుగులో దాన్ని ఏమంటారు? కలుపు. పదికి ఏడు కలుపు అంటే తెలుగులో ఏమి చేస్తాం? కూడతాం. ఒకే గడ్డిమొక్క ఒక భాషలో తీసివేత, ఇంకో భాషలో కూడిక. ఆ పిల్ల కళెను కలుపుగా మార్చుకుని, ఇరవైకి ఏడు కలిపింది. ఆమె లెక్క తప్పలేదు. రెండు భాషల మధ్య గట్టు మీద నడుస్తూ కాలు జారిందంతే. ఆ సంగతి కనుక్కోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అంతకుముందు ఆ ఇంట్లో ఆ లెక్క కోసం రెండు దెబ్బలు పడ్డాయి.

ఆ రోజు నుంచి ఆ అమ్మకు నేను చెప్పింది ఒకటే. లెక్కను ముందు ఇంటి భాషలో చెప్పించుకో, తర్వాతే చేయించు. "ఇరవై మొక్కల్లో ఏడు పీకేసినాం, ఎన్ని మిగిలినాయి?" అని పిల్ల తన నోటితో అంటే సగం చిక్కు అక్కడే పోతుంది. జార్జ్ పోల్యా అనే హంగరీ గణితవేత్త 1945లో లెక్కలు సాధించే పద్ధతి మీద ఒక పుస్తకం రాశాడు. అందులో మొదటి మెట్టు, ఇచ్చిన లెక్కను నీ సొంత మాటల్లో చెప్పగలవా అని చూసుకోవడం. ఎదుట ఉన్న లెక్క కొరుకుడు పడకపోతే దానికి చెల్లెలి లాంటి చిన్న లెక్కను ముందు చేసి చూడమని కూడా అన్నాడు. చదివినప్పుడు నాకు అవ్వ దువ్వెనే కనబడింది.

ఇంకో సంగతి. పిల్లలు లెక్క చేస్తూ గొణుగుతారు. చాలా ఇళ్ళలో "నోరు మూసుకుని చెయ్యి" అంటారు. దయచేసి అనకండి. రష్యాలో వైగోట్‌స్కీ అనే మనస్తత్వవేత్త దీన్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన పుస్తకం 1934లో, ఆయన పోయిన ఏడాదే వచ్చింది. బొమ్మలు వేసుకుంటున్న పిల్లలకు కావలసిన రంగు పెన్సిలో, కాగితమో దొరక్కుండా చేసి చూస్తే, వాళ్ళు తమతో తాము మాట్లాడుకోవడం దాదాపు రెట్టింపయింది. నీలం పెన్సిల్ లేకపోతే ఎర్రదానితోనే వేసి, నీళ్ళతో తడిపి నల్లబరుద్దాం అని ఒక బిడ్డ తనకు తానే చెప్పుకున్నాడు. కష్టం ఎదురైనప్పుడు పిల్లలు మాటను పట్టుకుని దాటుతారు. పెద్దయినాక ఆ మాటే లోపలికి పోయి ఆలోచన అవుతుంది. మరి మీ పిల్ల గొణిగేది ఏ భాషలో? హచ్చొళ్ళిలో తెలుగిళ్ళ పిల్లలు బడిలో జవాబు కన్నడంలో చెబుతారు, గొణుగుడు మాత్రం తెలుగే. ఆ గొణుగుడులో వాడుకునేందుకు మాటలు ఇవ్వాల్సింది ఇంట్లో వాళ్ళే. బడి పంతులు ఎంత మంచివారైనా ఆ పని వారికి సాధ్యం కాదు.

ఇంట్లో తెలుగు మాట్లాడితే బడిలో వెనకబడతాడేమోనని భయపడే తల్లిదండ్రులు మా సరిహద్దు ఊళ్ళలో చాలామంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. నా చిన్నప్పుడు ఒక చోట తెలుగులో మాట్లాడినందుకు నన్ను బయట నిలబెట్టారు, ఆ సిగ్గు చాలా ఏళ్ళు ఉండిపోయింది. కానీ మన రాజ్యాంగంలో 350ఎ అనే అధికరణం ఉంది. 1956లో, రాష్ట్రాల సరిహద్దులు మార్చినప్పుడే, ఏడో సవరణతో చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కర్ణాటక నుంచి వచ్చిన కేసులోనే, పిల్లవాడి మాతృభాష ఏదో చెప్పాల్సింది తల్లిదండ్రులేనని తేల్చింది. ఆ పెద్ద తీర్పులో ఎన్నో సంగతులున్నాయి గానీ, నేను తల్లులకు చెప్పేది ఈ ఒక్కటే. మీ పిల్లల భాష ఏదో చెప్పే హక్కు మీది. మీరే దాన్ని ఇంట్లో దాచిపెట్టుకోవద్దు. కన్నడం నేర్వనీయండి, చక్కగా నేర్వనీయండి. అది ఈ మట్టి భాష, పిల్లల స్నేహితుల భాష. రెండూ ఉన్న బిడ్డకు చిక్కు విప్పే చేతులు రెండు.

కన్నడం ఇచ్చే చేయి ఎంత గొప్పదో చెప్పకుండా ఉండలేను. కన్నడంలో "బిడిసు" అని ఒక మాట ఉంది. సిక్కు బిడిసు అంటే చిక్కు తీయడం. లెక్క బిడిసు అంటే లెక్క చేయడం. ఒగటు బిడిసు అంటే పొడుపుకథ విప్పడం. జగళ బిడిసు అంటే కొట్లాడుకునేవాళ్ళను విడదీయడం. పూలు కోయడమూ బిడిసడమే, చేలో పత్తి తీయడమూ బిడిసడమే. ఇంతటితో ఆగదు. బొమ్మ గీయడాన్ని కూడా చిత్ర బిడిసు అంటారు. తెల్ల కాగితంలో ఇరుక్కున్న చిత్రాన్ని బయటికి విడిపిస్తున్నట్టు! ఈ మాట నాకు ఎంతో ఇష్టం. పత్తి చేనుకు పోయినవాళ్ళకు తెలుసు, పగిలిన కాయలోంచి దూదిని ఒక్క గుంజు గుంజితే ఎండాకు తునకలు కూడా దానితోనే వస్తాయి. ఆ చెత్త కనబడితే ఆదోని మార్కెట్టులో ధర తెగ్గోస్తారు. వేళ్ళ కొనలతో, కాయ రెక్కల మధ్యనుంచి మెల్లగా తీయాలి. లెక్క చేసేటప్పుడు పిల్ల చేయి అట్లా ఉండాలని ఆ భాష చెబుతోంది.

మన తెలుగు పాఠ్యపుస్తకాల మాట వేరు. "సాధించండి" అంటాయి. మంచి మాటే. అయితే ఇళ్ళలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అత్త కోడల్ని సాధిస్తుంది, మొగుడు పెళ్ళాన్ని సాధిస్తాడు. అంటే రోజూ పీడించడం, పొడిచి పొడిచి మాట్లాడటం. రాత్రి పుస్తకం ముందు కూచున్నప్పుడు మనం సాధిస్తున్నది లెక్కనా, బిడ్డనా అని ఒక్కసారి చూసుకోండి. గొంతు పెరిగిందంటే లెక్క పక్కకు పోయి బిడ్డే ముందుకొచ్చినట్టు. అప్పుడు దీపం దగ్గరనుంచి లేచి, కాసిని నీళ్ళు తాగి రండి. నేనూ లేచిన రాత్రులున్నాయి.

పేరు చిక్కుకు పెట్టాలి, బిడ్డకు పెట్టకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను. "మొండి లెక్క" అనండి, "మొండి పిల్ల" అనకండి. "ఈ పాఠం కొరకరాని కొయ్యగా ఉంది" అనండి, "వీడొక కొరకరాని కొయ్య" అనకండి. లెక్కకు పెట్టిన పేరు ఆ లెక్కతోనే పోతుంది. బిడ్డకు పెట్టిన పేరు పెళ్ళయ్యేదాకా, ఆ తర్వాత కూడా, చుట్టాల నోట తిరుగుతుంది.

ముడుల సంగతికి వస్తే, పశువులున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇవి చేతికే తెలుసు. జారుముడి వేస్తే ఒక కొన పట్టి లాగితే చాలు, ఊడి వస్తుంది. పీటముడి అట్లా కాదు, లాగేకొద్దీ బిగుస్తుంది. వానకు తడిసి ఆరిన పలుపు తాడుకు పడిన పీటముడిని మా నాయన విప్పేటప్పుడు కొనల జోలికే పోయేవాడు కాదు. ముడి నడుమ కొయ్యమేకు మొన దూర్చి, అటూ ఇటూ కదిపి, లోపల ఒక్క గింజంత జాగా చేసేవాడు. జాగా దొరికినాక తాడు తనంతట తానే వదులయ్యేది.

అన్నదమ్ముల కొట్లాట పీటముడి. ఒక కొన అమ్మ పట్టుకుంటుంది, "చిన్నవాడు కదా" అని. ఇంకో కొన నాయన పట్టుకుంటాడు, "పెద్దోనిదేం తప్పు" అని. ఇద్దరూ లాగుతారు, ముడి బిగుస్తుంది. రెండు కొనలూ వదిలేయండి. ఇద్దర్నీ చెరో పనిమీద బయటికి పంపండి. ఒకడు బిందె తేవాలి, ఒకడు దూడను కట్టాలి. నడుమ గింజంత జాగా పడనీయండి. ఎవరిది తప్పో ఆ రాత్రే తేల్చాలన్న పట్టుదల పెద్దవాళ్ళది, పిల్లలది కాదు. అన్నం తినేటప్పటికి వాళ్ళు చాలాసార్లు సంగతే మరిచిపోయి ఉంటారు.

పరీక్ష తప్పడం, సీటు రాకపోవడం, ఒంట్లో బాగాలేకపోవడం, నాయన పని కోసం బెంగళూరికి పోయి ఇంట్లో లేకపోవడం, ఇవి ముడులు కావు. విప్పడానికి కొన ఉండదు. వీటికి తెలుగులో సరైన పేరు సమస్య. ఇప్పుడు ప్రతి ఇబ్బందినీ సమస్య అంటున్నాం గానీ, ఆ మాట పద్యాల వాళ్ళది. పూరించమని ఇచ్చిన పద్యపాదం అది. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. చూస్తే అర్థం లేనట్టో, వినకూడనట్టో, జరగరానిది జరిగినట్టో ఉంటుంది. అవధాని ఆ పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. దానికి ముందు తన మూడు పాదాలు కట్టి, ఆ వింత పాదానికి అర్థం వచ్చేట్టు చేయాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి జనానికి అలవాటు చేసిన విద్య ఇది. కన్నడంలోనూ ఉంది, శతావధాని ఆర్. గణేశ్ ఈ కాలంలో చేసి చూపిస్తున్నారు. పద్యం మీద మోజు ఉన్నా లేకున్నా ఇంట్లో ఒక ఆదివారం ఈ ఆట ఆడండి. పిల్లకు ఒక వింత వాక్యం ఇవ్వండి. "పిల్లి గొడుగు పట్టుకుని బస్సెక్కింది." దానికి ముందు మూడు వాక్యాలు చెప్పి, అది నిజమే అనిపించేట్టు చేయమనండి. నా తరగతిలో ఒక అబ్బాయి, నాటకం అయిపోయి పిల్లి వేషంలోనే ఇంటికి పోతున్న అమ్మాయిని తీసుకొచ్చాడు. ఆ పాఠం రోజు పిల్లలు ఇంటిగంట కొట్టినా లేవలేదు.

పిల్లకు జీవితంలో మార్చలేని పాదం ఒకటి ఎదురవుతుంది. తప్పకుండా ఎదురవుతుంది. మన చేతిలో ఉండేది దాని ముందు మూడు పాదాలే. పరీక్ష తప్పిన బిడ్డ దగ్గర కూచుని "ఎట్లా తప్పినావు" అని ఆ పాదాన్నే పదిసార్లు చదవకండి. "సరే, పాదం ఇచ్చినారు. మనం ముందు ఏమి కడదాం?" అని అడగండి.

ముడిపడే ఉండాల్సినవీ కొన్ని ఉన్నాయి. పెళ్ళిలో వేసే బ్రహ్మముడిని విప్పమని ఎవరూ అడగరు. మా ఊరున్న నేల కూడా ఒకరకంగా అటువంటిదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, సిరుగుప్ప మైసూరు వైపు వచ్చింది. బళ్ళారి తాలూకా ఎటు అన్నదానికి విడిగా మిశ్రా కమిషన్ వేశారు, అదీ మైసూరుకే వచ్చింది. రెండేళ్ళకు ఫజల్ అలీ అధ్యక్షుడిగా ఉన్న రాష్ట్రాల పునర్విభజన సంఘం, తుంగభద్ర పథకాన్ని దృష్టిలో పెట్టుకుని, బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలు ఆంధ్రలో కలవాలని సిఫారసు చేసింది. అది జరగలేదు. 1956 నవంబర్ 1 దాటినా మేము ఇటే ఉన్నాం. అప్పటి పెద్దలకు అది ఎంత కోపమో, ఎంత సంతోషమో, ఎవరి ఇల్లు చూస్తే వాళ్ళకే తెలుసు. కానీ అత్తగారిల్లు ఆదోనిలో, పుట్టిల్లు సిరుగుప్పలో ఉన్న ఆడబిడ్డలు బస్సెక్కుతూనే ఉన్నారు. తుంగభద్ర దిగువ కాలువ ఇటు మళ్ళను తడిపి అటు కర్నూలు జిల్లాలోకి పోతూనే ఉంది. నీళ్ళ పంపకాన్ని ఒక రాష్ట్రం చేతిలో పెట్టకుండా ఉమ్మడిగా తుంగభద్ర బోర్డు చూస్తోంది. ఈ కథ పిల్లలకు చెప్పండి. ఎవరు గెలిచారని అడుగుతారు. ఎవరూ గెలవలేదు, ఆ ముడి అట్లానే ఉంది, దాని మీదనే మనం వరి పండించుకుంటున్నాం అని చెప్పండి. ఎనిమిదేళ్ళ బిడ్డకు ఇది అర్థం కాదనుకోకండి. తల్లీ తండ్రీ వేరే వేరే కులాల వాళ్ళయిన బిడ్డకు, అవ్వా తాతలు రెండు చోట్ల ఉన్న బిడ్డకు, ఇది నాకంటే మీకంటే బాగా అర్థమవుతుంది.

అదే నది మీద మొన్నటి సంగతి ఇంకొకటి చెబుతాను, మా దగ్గర పిల్లలందరికీ గుర్తున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీళ్ళు అట్లా పోతుంటే సిరుగుప్ప రైతులు పైరు గతి ఏమిటని బెంగపడ్డారు. డ్యాంలో నీళ్ళన్నీ వదిలేసి, ఖాళీ అయినాక గేటు పెట్టుకోవడమా, పారుతున్న నీళ్ళలోనే అడ్డం కట్టడమా? గేట్ల పనిలో పండిన కన్నయ్యనాయుడు గారు అక్కడ నిలబడి రెండోదే చేయించారు. ఆ ఖాళీని ఒకే పెద్ద గేటుతో మూయలేదు. పలకలుగా చేసిన అడ్డాలను ఒకదాని మీద ఒకటి దించుకుంటూ వచ్చారు. మొదటి పలక సరిగ్గా కూచోవడానికే చాలా అవస్థ పడ్డారు, అది కూచున్నాక మిగతావి వెంట వచ్చాయి. వారం రోజుల్లో పని కొలిక్కి వచ్చింది. కొలికి అంటే హారం రెండు కొనలూ కలిసే చోటు. కంటి కొలికి అంటామే, రెప్పలు రెండూ కలిసే మూల, ఆ మాటే. పిల్లవాడి పని సగంలో ఉంటే "ఇంకా కాలేదా" అని కాకుండా "కొలిక్కి వస్తోందా" అని అడిగి చూడండి. రెండు కొనలున్నాయని, అవి దగ్గరవుతున్నాయని వాడికి ఆ మాటలోనే తెలుస్తుంది.

చివరికి అలక. తెలుగులో బిడ్డ మొహం గంటు పెట్టుకుందంటాం. కన్నడంలో గంటు అంటే ముడి, గంటు ముఖ అంటే అలిగిన మొహం. మూటను కూడా గంటు అనే అంటారు. ముడిపడిన మొహం వెనక ఏదో మూట ఉంటుంది. దాన్ని మనం లాక్కుని విప్పకూడదు. బడిలో ఎవరో ఏదో అన్నారు, లేదా లెక్క రాలేదు, లేదా ఏమీ లేదు, ఆకలి. పక్కన కూచుని బఠానీలు ఒలిపించండి, కాయ ఒలవడంలో వేళ్ళు పడితే నోరు తెరుచుకుంటుంది. అరగంట పట్టవచ్చు. పట్టనీయండి.

కొన్ని సాయంత్రాలు అవ్వకు కూడా చిక్కు వచ్చేది కాదు. చెవి వెనక ఒక ఉండ కట్టేది, ఎంత కొనలనుంచి దువ్వినా కదిలేది కాదు. చీకటి పడేది. అమ్మ లోపలినుంచి "కత్తిరించి పారెయ్ అత్తా" అని కేకేసేది. అవ్వ వినిపించుకునేది కాదు. గిన్నెలో ఆముదం తెచ్చి, ఆ ఉండకు మాత్రం వేలితో పట్టించి, పాత గుడ్డపీలికతో జుట్టు వదులుగా కట్టేది. "పండుకోపో. నూనె లోపలికి పోవాల. రేపు చూద్దాం" అనేది. పొద్దున లేచేసరికి దిండుకు నూనె మరక ఉండేది, చెవి వెనక తడిమితే ఉండ కాస్త మెత్తబడి ఉండేది. పిలవకముందే దువ్వెన వెతుక్కుని నేనే గడప దగ్గరికి పోయి కూచునేదాన్ని.